గాయం మానేదాకా

"కదలకు. ములుకు ఎముక దాకా దిగింది," అంది వైద్యురాలు మెంగ్ షూ.

చాపమీద పడున్న చియావో పదేళ్లపాటు ఆమెకు శిష్యుడు. ఆమె ఇంట్లో దాచి వైద్యం చేస్తున్న తిరుగుబాటుదారుణ్ణి చూ దేశపు రాజు సైనికులకు పట్టించింది అతనే. వాళ్లు ఆ రోగిని మంచంమీదే నరికేశారు. చియావోకి సైన్యంలో కొలువు దొరికింది. ఇవాళ బాణం దెబ్బ తగిలింది.

ఆమె ములుకు పీకి, గాయం కడిగి, మల్బరీ నారతో కుట్టింది.

"ఇంత సుతారంగా కుట్టారంటే నన్ను క్షమించినట్టేగా గురువుగారూ?" చియావో ఏడ్చాడు.

"ఆ రోగికీ ఇలాగే కుట్టాను. నార అందించింది నువ్వే."

అతను తల తిప్పుకున్నాడు.

"గాయం మానేదాకా ఉండు," అందామె కట్టు బిగిస్తూ. "తర్వాత మళ్లీ ఏదైనా జబ్బు చేస్తేనే ఈ గడప తొక్కు."