ఉప్పు కాపడం

రదోయ్కా వేయించిన ఉప్పును ఉన్ని మేజోడులో పోసి, కూతురు ఒలివేరా పొట్టమీద పెట్టింది.

“మీ ముగ్గుర్నీ కన్నాక నా పొట్టా జారిందే. పెద్ద గౌను కుట్టించుకుని ఊరుకున్నాను. నువ్వేమో అందం కోసం ఆపరేషన్ చేయించి, జారిన పొట్ట కోయించుకున్నావు. నాలుగేళ్లయినా ఈ నొప్పి పోలేదు.”

“తిట్టుకో అమ్మా. కాస్త వేడిగా పెట్టు.”

“నా చెయ్యి కాలుతోందే!”

“నాకేం తెలియడం లేదు. లోపల మాత్రం మెలిపెడుతోంది.”

రదోయ్కా మేజోడు ఎత్తి చూసింది. కుట్టుగీత పైన చర్మం కమిలి, పొక్కు లేస్తోంది.

“కాలిపోయిందే పిల్లా! అరవవేం?”

“ఎక్కడ?”

రదోయ్కా మేజోడు పక్కన పెట్టేసింది. పొక్కు పక్కనే మెల్లగా అరచెయ్యి ఆనించింది.

లోపలి నొప్పికి ఒలివేరా కళ్లు మూసుకుంది.

“ఉప్పు వద్దులే. కాసేపు నీ చెయ్యి పెట్టమ్మా.”

“పెట్టే ఉన్నానే.”