ఎవరి మనిషి?

గొర్రెల బొచ్చు తీసే కత్తెరతో బురుల్చా ఆ తీగను కసుక్కున తెంపేసింది.

వాగు పొడవునా ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు. కర్రల మీదుగా కొండపైన సరస్సు దాకా తీగ. ఊళ్ళోకి ఎర్రగుడ్డలు వచ్చాయంటే బంగారం తవ్వే కంపెనీ వచ్చినట్టే. ఇదివరకు రెండుసార్లు అలాగే వచ్చారు. రెండుసార్లూ ఊరి ఆడవాళ్ళే రోడ్డుకు అడ్డంగా కూర్చుని తరిమారు.

"అయ్యో, తెంపకు తల్లీ!" ఆ కర్రలు పాతిన ముసలాయన రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. "సరస్సు కట్ట తెగితే మీ ఊళ్ళో గంట మోగేది దీంతోనే."

"కిందటిసారి వచ్చినవాడు బడి కట్టిస్తానన్నాడు. ఈయన గంటతోనే సరిపెడుతున్నాడే!" అంది వెనక మూగిన ఆడవాళ్ళలోంచి సాకిష్ అక్క.

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు.

బురుల్చా నవ్వలేదు. వాగును ఆనుకుని ఉన్నది ఆమె ఇల్లే. బంగారం కడిగిన విషం నీళ్ళలో కలిస్తే ముందు తాగేది తన ఆరేళ్ళ కూతురు ఐజిరెక్. వారం రోజులుగా ఆ తలపుతో ఆమెకు కంటిమీద కునుకు లేదు.

"నువ్వెవరి మనిషివో చెప్పు!"

"ఎవరి మనిషినీ కాదమ్మా. ఆ సరస్సు కట్ట పైకే రాళ్ళు, లోపలంతా మంచు. ఈ ఎండలకు కరిగిపోతోంది. నీ ఫోన్ నంబరైనా ఇవ్వు."

"ఇస్తే పోతావా?"

"పోతాను."

పీడ వదిలితే చాలని చెప్పేసింది.

గుమ్మం ముందుకొచ్చిన మనిషిని రొట్టె ముక్క తుంచనివ్వకుండా పంపడం కిర్గిజ్ ఇళ్ళల్లో లేదు. పగవాడికైనా పళ్ళెం చాపుతారు. ఆయనకు మాత్రం ఆ రోజు ఎవరూ చాపలేదు.

ముసలాయన తెగిన తీగను చుట్టి భుజాన వేసుకున్నాడు. కిందికి పోలేదు. కొండెక్కాడు.

"చూశావా వాడి మొండితనం!" అంది సాకిష్ అక్క.

ఐదో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"తల్లీ, పాపను తీసుకుని గోరీల గట్టెక్కు! అందరినీ కేకెయ్యి. సామాన్లు ముట్టుకోవద్దు. పావుగంటే ఉంది."

ఆ గొంతు వెనకాల ఏదో హోరు.

"నువ్వు... నువ్వెక్కడున్నావు?"

"నన్నడక్కు. పరుగెత్తు!"

ఇళ్ళు ఖాళీ చేయించే ఎత్తేమో! ఒక్క క్షణం అనుకుంది. మరుక్షణం లోపలికి చూసింది. పాప లేదు.

"ఐజిరెక్!"

వాగు ఒడ్డున మట్టి రొట్టెలు చేసుకుంటోంది పిల్ల. జబ్బ పట్టుకుని లాగి చంకనేసుకుంది. తలుపు తలుపూ బాదుతూ, గొంతు చించుకుంటూ గట్టు దాకా పరుగెత్తింది.

అందరూ గట్టెక్కారో లేదో, బురద విరుచుకుపడింది. ఇంటింతేసి బండలు బంతుల్లా దొర్లాయి. బురుల్చా ఇల్లు చూస్తుండగానే లేకుండా పోయింది.

తలలు లెక్కపెట్టారు. ఒక్కరూ తగ్గలేదు.

ఆమె ఆ నంబరుకు ఫోన్ చేసింది. మళ్ళీ చేసింది. మళ్ళీ మళ్ళీ చేసింది.

"ఎత్తు తాతా... నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎత్తు!"

వెతకడానికి పైకి వెళ్ళిన మగవాళ్ళు మర్నాటికి తిరిగొచ్చారు.

"ఆయన డేరా సరస్సు పైన ఎత్తులో ఉంది. చెక్కు చెదరలేదు," అన్నాడు ఒకడు.

"మరి మనిషి?"

"అక్కడ ఫోన్ సిగ్నల్ అందదు. అందేది కింద వాగు మలుపులోని బండ మీదే." అతడు తల దించుకున్నాడు. "ఆ బండ కూడా లేదిప్పుడు."

బురుల్చా పాపను ఒళ్ళోకి లాక్కుని, ఎంతసేపటికీ వదల్లేదు.

మూడో రోజు రాజధాని బిష్కెక్ నుంచి ఆయన భార్య వచ్చింది. తెల్ల జుట్టు, చేతిసంచి. ఏడుపు లేదు. ఆయన చివరిసారి ఎవరితో మాట్లాడాడని అడిగింది. అందరూ బురుల్చా వైపు చూశారు. ఆమె ఫోన్ తీసి ఆ నంబరు చూపించింది.

సాకిష్ అక్కే నేల చూపులు చూస్తూ అడిగింది. "అమ్మా, ఇంతకీ ఆయన్ని పంపింది ఏ కంపెనీ?"

"కంపెనీయా?" అంది ఆవిడ నెమ్మదిగా. "మీ కొండలో బంగారం తవ్వితే సరస్సు తెగుతుందని రాసిచ్చి, ఆ కాగితం వెనక్కి తీసుకోనన్నందుకేగా, ముప్ఫై ఏళ్ళు ఇంజనీరింగ్ పాఠాలు చెప్పిన కాలేజీ నుంచి ఆయన్ని వెళ్ళగొట్టారు!"