పొయ్యి ఆరకూడని ఇల్లు

పంగా కత్తి వేటుకు తలుపు చెక్క చీలి, మొన లోపలికి వచ్చింది.

"బయటికి రావే న్యాంబురీ! వస్తావా, తలుపుతో పాటు నిన్నూ నరకమంటావా?"

అరుస్తున్నవాడు మునికో. వాణ్ణి ఆపబోయిన కాపలాదారు సిందా మెట్ల మీద కూలబడి, తెగిన అరచేతిని చొక్కాతో చుట్టుకుంటున్నాడు. లోపల మంచం, బల్ల, జొన్నల బస్తా, చేతికందిన ప్రతిదీ తలుపుకు అడ్డం లాగి, దానికి వీపు ఆనించి నిలబడింది వెగెసా.

స్త్రీ పురుష సమానత్వ నిపుణురాలంటూ విదేశీ సంస్థ ఒకటి ఆమెను దేశదేశాలూ తిప్పి, చివరికి నెల కిందట తారిమె కొండల్లోని ఈ ఆశ్రయ గృహానికి పంపింది. ఆడదాని మీద చెయ్యెత్తకుండా మగవాళ్ళకు నచ్చజెప్పడం ఆమె ఉద్యోగం. మునికో ఆ పాఠాలకు వచ్చినవాడు కాదని వేరే చెప్పనక్కర్లేదు.

మూలన గోడకు చేరబడిన న్యాంబురికి పంతొమ్మిదేళ్ళుంటాయి. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. పక్కటెముక విరిగిందేమో, ఊపిరి తీసినప్పుడల్లా మూలుగుతోంది. పొద్దున్నే పాకుతూ వచ్చి గడప మీద పడిపోయింది.

"వాడేనా నీ మొగుడు?" అడిగింది వెగెసా.

"కాదక్కా. వాణ్ణి నా మీదికి పంపుతారంతే. వద్దన్నానని వాడు కొట్టాడు. ఇంకా కొట్టమని ఇంటి పెద్ద కర్ర అందించింది... ఆ కర్ర నా భుజాల మీదే విరిగిందక్కా."

"ఎవరి ఇంటి పెద్ద? నీ పుట్టింటికి ఆవులిచ్చి నిన్ను తెచ్చుకున్నవాళ్ళేనా?"

"ఊఁ. ఇచ్చిన ఆవులకు పిల్లల్ని కనాలట."

వెగెసాకు ఒళ్ళు మండిపోయింది. తనకు చేతకాకపోతే ఇంకొకణ్ణి పంపే మొగుడు, కర్ర అందించే అత్త. ఏ దేశంలోనైనా కథ ఇదే.

"మొగుడి పేరు చెప్పు. ఇవాళే లోపల వేయిస్తాను."

"కట్టుకున్నవాళ్ళ పేరు నోట పలకకూడదక్కా."

"పలక్కుండా ఉంటే వాళ్ళ ఆయుష్షు పెరుగుతుందేమో గాని, నీది మాత్రం ఈ తలుపు ఉన్నంతసేపే!"

న్యాంబురి వెక్కి వెక్కి ఏడ్చింది. వెగెసా గొంతు తగ్గించింది.

"నేనూ ఈ కొండల పిల్లనేనే. పన్నెండేళ్ళప్పుడు, ఆడపిల్లలకు సున్తీ కత్తి పెట్టే డిసెంబరులో, ముళ్ళలో పడి మిషన్ బడి దాకా పరిగెత్తాను. మళ్ళీ వెనక్కి చూడలేదు. ఒక పిల్ల తప్పించుకుంటే ఒక బతుకు మిగిలినట్టే."

"మరి ఇంట్లో వాళ్ళో?"

వెగెసా జవాబిచ్చేలోపు తలుపు విరిగి పడింది.

మునికో మంచం మీదుగా దూకి నేరుగా న్యాంబురి జుట్టు పట్టుకున్నాడు. కత్తి పైకి లేచింది. వెగెసా చేతికి దొరికింది మూలనున్న రోకలి. ఎత్తి వాడి మణికట్టు మీద వేసింది. ఎముక పుటుక్కుమంది, కత్తి జారిపోయింది. వాడు రెండో చేత్తో ఆమె గొంతు పట్టి గోడకేసి బాదాడు. కళ్ళకు చీకట్లు కమ్మాయి. అంతలో న్యాంబురి, ఆ విరిగిన పక్కటెముకతోనే లేచి, పొయ్యి మీద ఉడుకుతున్న జావ గిన్నె ఎత్తి వాడి మొహాన గుమ్మరించింది.

వాడు పడిపోయాడు. అక్కడితో ఆగాల్సింది. వెగెసా ఆగలేదు. మోకాలి మీద ఒకటి వేసింది, పళ్ళ మీద ఇంకొకటి వేసింది. ఇన్నేళ్ళుగా చెప్పిన పాఠాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు, పైగా ప్రాణానికి హాయిగా ఉంది.

"చాలు మేడమ్, చచ్చిపోతాడు!" అంటూ సిందా నెత్తుటి చేత్తోనే ఆమెను వెనక్కి లాగాడు.

పోలీసులు వచ్చేసరికి మునికో వాకిట్లో పడి పళ్ళు ఉమ్ముతున్నాడు. అంత దెబ్బలోనూ నవ్వాడు.

"నన్నేం చేస్తారు? నేను పిలిస్తే వచ్చినవాణ్ణి. ఆవులిచ్చినవాళ్ళు వెనకాలే వస్తున్నారు, ఏమడుగుతారో వాళ్ళనే అడగండి."

"రానీ, ఆ మొగుడి మొహమేదో చూస్తాను," అంది వెగెసా. రోకలి ఇంకా చేతిలోనే ఉంది.

మోటారు సైకిలు వచ్చి ఆగింది. ఒక ముసలమ్మ దిగి, కర్రతో నేల తడుముకుంటూ వాకిట్లోకి వచ్చింది. రెండు కళ్ళలోనూ పొరలు. ఆమెను చూడగానే న్యాంబురి సిందా వెనక నక్కింది.

"నీ కొడుకు రాలేదేం?" అంది వెగెసా. "తల్లిని ముందుకు తోసి తాను దాక్కున్నాడా?"

"నాకు కొడుకుల్లేరు. ఆవులిచ్చింది నేను. దానికి మొగుడు కావాలంటే నేనే."

ఇన్‌స్పెక్టరు మొహమాటంగా దగ్గాడు. "కొడుకుల్లేని ఆడది ఆవులిచ్చి పెళ్ళాన్ని తెచ్చుకోవడం ఉన్నదేగా మేడమ్. పిల్లల కోసం ఎవడో ఒకణ్ణి కుదురుస్తుంది. మీరూ మా కురియా తెగవాళ్ళే, మరిచిపోయారా?"

వెగెసా నాలుక కరుచుకుంది. ఈ ఆచారం గురించి ఎన్నో సభల్లో తానే మాట్లాడింది. ఒంటి మీద దెబ్బలు కనబడగానే మగవాణ్ణి వెతకడం అలవాటైపోయింది. సిగ్గు కోపంగా మారింది.

"నీ కడుపున ఆడపిల్ల పుడితే తెలిసేది! పరాయి పిల్ల కాబట్టే చావగొట్టించావు."

"పుట్టింది, ఒక్కతే," అంది ముసలమ్మ. "కత్తికి భయపడి పారిపోయింది. దాని పెళ్ళికి రావలసిన ఆవులు రాలేదు, మనవలూ రాలేదు. పొయ్యి ఆరిపోయే కొంప అని ఊరు ఉమ్మేసింది. పొలం తాకట్టు పెట్టి ఆవుల్ని కొని దీన్ని తెచ్చుకున్నాను. ఇదీ పారిపోతే నేనేం కావాలి? అది ఉంటే ఇది నాకెందుకు తల్లీ?"

వెగెసా దగ్గరికి వెళ్ళి, చూపు ఆనని ఆ కళ్ళలోకి చూసింది.

"నీ కూతురి పేరేంటి?"

"వెగెసా," అంది ముసలమ్మ.