పిన్‌బాల్ రెక్క

పక్షవాతం వచ్చాక జోగారావు కుడిచేయి ఇంట్లోని పాత పిన్‌బాల్ ఆట మిషను దగ్గర మాత్రమే కదిలేది. చూపు కూడా పోయింది కాబట్టి, బొత్తాం నొక్కి, బంతి గంటకు తగిలిన చప్పుడు విని మురిసిపోయేవాడు. బొత్తాం నొక్కితే బంతిని పైకి కొట్టే రెక్క ఓ ఉదయం విరిగింది.

భార్య మంగతాయారు ఆ ముక్కను వంటింటి అచ్చుయంత్రంలో పెట్టింది. చెప్పులైనా చెంచాలైనా క్షణంలో చేసిచ్చే యంత్రం, "దీని నమూనా హక్కుదారు ఎవరో తెలియదు. అనుమతి లేకుండా అచ్చు వేయలేను," అంది. ఆమె బతిమాలింది, తిట్టింది. ఇంటింటికీ ఈ యంత్రాలు వచ్చాక ఊళ్ళో బాగుచేసేవాళ్ళే లేకుండా పోయారు.

చివరికి చెక్క తెడ్డును విరిచి, గచ్చు మీద అరగదీసి రెక్క స్థానంలో బిగించింది. ఒక్క ఆటైనా అవకముందే అది చీలిపోయింది.

"ఏటయిందే?" అన్నాడు జోగారావు. వేలు ఇంకా బొత్తాం నొక్కుతూనే ఉంది. "ఇది ఆగిపోతే ఈ సెయ్యి కూడా సచ్చిపోద్దే!"

"ఏటీ అవలేదు. నొక్కండి."

ఆమె మిషను పైఅద్దం తీసి చేయి లోపల పెట్టింది. అతను నొక్కినప్పుడల్లా ఉక్కు బంతిని వేలితో పైకి తోసింది. గంట మోగింది.

"బాగయిందేటే?"

"బాగయిందండి," అంది, కమిలిన వేలిని మళ్ళీ బంతికి అడ్డం పెడుతూ.