బాబాయ్ సీసా

మా ల్యాబు పక్కన సరస్సులో కాలు తడిపినా జబ్బు చేస్తుందని జరిమానా వేస్తారు. అలాంటి నీళ్లలో, చేపల్లో ఎంత బ్యాక్టీరియా చేరిందో తెల్లారేసరికి రిపోర్టు ఇవ్వాలి. అందుకే రోజూ సాయంత్రం ఐదింటికే ఇల్లు చేరే నేను మొదటిసారి రాత్రి ఇక్కడ ఉండిపోయాను. తోడుగా వాచ్‌మన్ బాబాయ్, ఆయన ఆగని కబుర్లు.

మాకో పద్ధతి ఉంది. సరస్సు నీళ్లతో పాటు ఒక గాజు పళ్లెంలో మరిగించి చల్లార్చిన మంచినీళ్లూ వేస్తాం. అందులో ఏమీ పెరగకపోతే మా చేతులు శుభ్రమని లెక్క. నిన్న బద్ధకించి, బల్ల మీదున్న బాబాయ్ తాగే నీళ్ల సీసాలోంచే నాలుగు చుక్కలు వేశాను.

ఇప్పుడు చూస్తే సరస్సు పళ్లాల్లో, చేప మొప్పల పళ్లాల్లో అక్కడక్కడా బ్యాక్టీరియా పెరిగిన నీలం మచ్చలు. బాబాయ్ పళ్లెంలో అయితే సూది మోపే సందు లేదు.

"బాబాయ్, నీది కడుపా, రాతి రోలా?" అని పకపకా నవ్వాను. "ఈ సీసా సరస్సు అడుగున నింపుతున్నావా ఏంటి?"

ఆయనా పడీపడీ నవ్వాడు. "నన్నడుగుతావేంటమ్మా? నింపి తెచ్చేది నువ్వే కదా! రోజూ రాత్రి రెండింటికి గుమ్మంలో పెట్టి పోతావు. తల తుడుచుకోమ్మా, జలుబు చేస్తుందని చెప్తూనే ఉంటాను. నవ్వుతావే గానీ పలకవు."

నా నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది. గోడ గడియారంలో రెండైంది.

బయట గుమ్మంలో సీసా పెట్టిన చప్పుడు టక్కుమని వినిపించింది.

బాబాయ్ అలవాటుగా లేవబోయాడు. నన్ను చూశాడు, తలుపును చూశాడు, మెల్లగా కూర్చుండిపోయాడు.

"అమ్మా," అన్నాడు గుసగుసగా, "తల తుడుచుకోమని ఇవాళ నువ్వే చెప్పు."