గ్రూపు మార్పు

“కొట్టకండి, తిట్టకండి. ఆ వయసు అలాంటిది” అంది హైమావతి టీ గ్లాసు అందుకుంటూ.

బర్నబాస్ నవ్వాడు. “దాన్ని కొట్టడమా అండీ? పదహారేళ్లలో గట్టిగా ఒక మాటన్నది లేదు.”

హైమావతి బాపట్లలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతుంది. ఎనభై ఏడు ఆగస్టులో ఆ ఆదివారం పొద్దున్నే బయలుదేరి, తెనాలిలో రైలు మారి, రేపల్లెలో ఈ రైసుమిల్లు మేస్త్రీ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అంతా ఆయన కూతురు కరుణ కోసం. క్లాసులో ఆ పిల్ల తర్వాతే ఎవరైనా. డాక్టరు కావాలని ఏడో తరగతి నుంచీ కలవరించిన పిల్ల, పోయిన సోమవారం వచ్చి కామర్సు గ్రూపుకు మార్చమంది. ఎందుకంటే చెప్పలేదు. మర్నాడు హాస్టల్లో పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేసింది.

“ఈ ఈడులో ఒంట్లో మార్పులు ముందు పరుగెడతాయండి. ముందూ వెనకా చూసుకునే తెలివి తర్వాతెప్పుడో వస్తుంది. అది పిల్లల తప్పు కాదు. ఎవరైనా అబ్బాయి ఏమైనా...”

“అలాంటిదేం లేదు మేడం” వంటింటి గుమ్మంలోంచి కరుణ అంది. “సైన్సు ఇష్టం లేదంతే.”

“మొండితనం మాత్రం నాదేనండి” అన్నాడు బర్నబాస్ మురిపెంగా. “అనుకుందంటే వినదు. మా ఆవిడ రత్నం నాలుగు రోజులు బతిమాలింది. ఇప్పుడు చర్చికెళ్లింది కూడా దీనికోసం ప్రార్థన పెట్టించడానికే.”

కరుణ తల దించుకుంది.

“అంతకుముందు క్లాసులో ఏమైనా జరిగిందాండీ?” అడిగాడు బర్నబాస్.

“ఏం లేదండి. ఆ ముందు శుక్రవారం ప్రాక్టికల్సులో అందరి రక్తం పరీక్ష చేశాం. అమ్మానాన్నల గ్రూపులు కూడా కనుక్కుని రాసుకు రమ్మన్నాను. కరుణది ‘ఓ’ గ్రూపు.”

“అదా! శనివారం ఇంటికొచ్చి అడిగిందండి. నాది ఏబీ. మిల్లు బెల్టులో చెయ్యి నలిగినప్పుడు ఆసుపత్రిలో చెప్పారు.”

హైమావతి చేతిలో గ్లాసు ఆగిపోయింది. తండ్రిది ఏబీ అయితే బిడ్డకు ‘ఓ’ గ్రూపు రాదని శుక్రవారం బోర్డు మీద రాసింది తనే. ముందు బెంచీలో కూర్చుని శ్రద్ధగా నోట్సులో ఎక్కించుకుంది కరుణే.

తలెత్తి చూసింది. చెప్పొద్దని కళ్లతోనే దణ్ణం పెడుతోంది కరుణ.

పిల్ల ముందూ వెనకా చూసుకోలేదనుకుంది తను. చూసుకుంది. ఈ చదువు ఇంట్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ లెక్క నాన్న కంటబడుతుంది. డాక్టరు కావడం కన్నా ఆయన నవ్వు ముఖ్యమనుకుంది.

“పోనీలెండి, కామర్సయినా మంచిదే” అంది హైమావతి.

బర్నబాస్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. “ఆ రెండు గ్రూపులూ కలవవా అండీ?”

కరుణ ఒక్క పరుగున వచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూలబడింది.

“అమ్మనేమీ అనకు నాన్నా! నేనీ చదువు చదవను. ఎవరికీ చెప్పను.”

బర్నబాస్ ఆమె తల నిమిరాడు.

“మీ అమ్మ పెళ్లికి ముందే నాకు చెప్పిందమ్మా.”