పీపాలోంచి వచ్చిన మనిషి

పెద్ద కర్రపీపా అడుగున ఉన్న చిన్న తలుపులోంచి ముందు ఒక తల, తర్వాత రెండు చేతులు, ఆ తర్వాత మనిషంతా బయటికొచ్చాడు.

"ఓరి నాయనో! ఇక్కడ ద్రాక్షకి బదులు తాతల్ని పులియబెడతారా?" అన్నాడు తిజియానో, చేతిలో గ్లాసుతో.

అతని భార్య లొరెదానా పడీపడీ నవ్వింది. స్నేహితురాలు ఒర్నెల్లా కూడా నవ్వింది.

టురిన్ నుంచి సెలవులకి వచ్చారు ముగ్గురూ. దక్షిణ ఇటలీలోని ఇర్పీనియా కొండల మీద ఊరూరూ తిరుగుతూ, ఊరికో వైన్ రుచి చూస్తున్నారు.

"మా పిచ్చుక తాత," అంది వైన్ పోస్తున్న అస్సుంతా. "పీపా లోపల తోమాలంటే సన్నటి మనిషి కావాలి. డెబ్బై తొమ్మిదేళ్ళొచ్చినా ఈయన దూరని కంత లేదు."

తాత ఎవరినీ చూడలేదు. మోచేతుల దాకా ఊదారంగు మడ్డి.

తిజియానో వచ్చింది వైన్ కోసం. ఒర్నెల్లా వచ్చింది ఒక మనిషి కోసం.

"అస్సుంతా గారూ, ఈ ఊళ్ళో సబాతో ఇయన్నెల్లా అని ఎవరైనా ఉన్నారా?"

"ఇయన్నెల్లాలు సగం ఊరున్నారమ్మా! ఇక్కడ అందరికీ మారుపేర్లే. అసలు పేరు బయటపడేది మనిషి పోయాక, గోడ మీద చావు కబురు కాగితం అంటించినప్పుడే."

ఒర్నెల్లా మొహం వాడిపోయింది. పొద్దున్నించి నలుగురిని అడిగింది. నలుగురిదీ ఇదే జవాబు.

పెరట్లోకి వెళ్ళి మెట్టు మీద కూలబడింది.

"ఆయనతో నీకేం పని?"

వెనకాల పిచ్చుక తాత నిలబడి ఉన్నాడు.

"ఎనభైలో భూకంపం వచ్చింది కదా తాతా. అప్పటికి నేను ఆర్నెల్ల పిల్లని. కింద లోయలో మా ఇల్లు కూలిపోయింది. ఆయనే నన్ను రాళ్ళ కిందినుంచి తీశాడట. పెంచినమ్మ పోయాక బీరువాలో ఆస్పత్రి కాగితం దొరికింది. అందులో ఆయన పేరూ, ఈ ఊరి పేరూ ఉన్నాయి."

"మరి మీ అమ్మ?"

"లోపలే ఉండిపోయింది."

తాత మడ్డి పట్టిన తన చేతుల వంక చూసుకున్నాడు.

"అమ్మని తీయలేనివాణ్ణి వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చావా? తిట్టడానికా?"

"అయ్యో, అదేం మాట తాతా! నాకిప్పుడు ఇద్దరు పిల్లలు. ఆయన లేకపోతే నేనూ లేను, వాళ్ళూ లేరు. ఒక్కసారి ఆయన చెయ్యి పట్టుకుని ఈ మాట చెప్పాలి. నాక్కావలసింది అంతే."

తాత పెదాలు కదిలాయి.

"ఒర్నెల్లా! వస్తావా, తాతతో కాపురం పెడతావా?" హారన్ కొడుతూ అరిచాడు తిజియానో. "పై ఊళ్ళో భోజనానికి చెప్పి ఉంచాం, ఆలస్యమైతే పస్తే!"

ఆమె లేచింది.

"ఆయనెవరో తెలిస్తే చెప్పండి తాతా. వైన్ పెట్టెల కోసం ఆదివారం మళ్ళీ వస్తాం."

తాత తలూపి చెయ్యి చాచాడు. వేళ్ళ నిండా మడ్డి కారుతోంది.

ఒర్నెల్లా తన తెల్లచొక్కా చూసుకుని, నవ్వుతూ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇప్పుడొద్దులే తాతా, బట్టలు పాడవుతాయి. ఆదివారం కలుద్దాం!"

చాచిన చేతిని తాత ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఆదివారం వాళ్ళు వచ్చేసరికి తలుపు సగం మూసి ఉంది. అస్సుంతా నల్లబట్టల్లో ఉంది.

"పిచ్చుక తాత పోయాడమ్మా. శుక్రవారం తెల్లవారుజామున, నిద్రలోనే. నిన్ననే సమాధి చేశాం."

తిజియానో టోపీ తీసేశాడు. ఈసారి అతనికి హాస్యం రాలేదు.

"పోయే ముందురోజు పొద్దంతా ఇక్కడే కూర్చుని నిమ్మచెక్కతో చేతులు రుద్దుకున్నాడు," అంది అస్సుంతా కళ్ళొత్తుకుంటూ. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదే, ఈ సోకేమిటి తాతా అన్నాను. ఆదివారానికి చేతులు తెల్లగా ఉండాలి అన్నాడు."

పెద్దమనిషి చెయ్యి చాస్తే చొక్కా చూసుకున్నాను, ఛీ, అనుకుంది ఒర్నెల్లా. ఇప్పుడైనా దండం పెడదామని, తాత చావు కాగితం అంటించిన గోడ దగ్గరికి నడిచింది.

నల్లంచు కాగితం మీద ‘పిచ్చుక’ అని కింద చిన్నగా ఉంది; పైన పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు, సబాతో ఇయన్నెల్లా.